చీలిన గుండు దగ్గర కుడివైపు

హిందూపురం,
4-3-2024

గంగాధరకు,

నాలుగుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. మళ్లీ చేసి విసిగించను. చెప్పవలసినది కాగితం మీద పెడుతున్నాను.

మంజు గీసిన చీరల డిజైను కాగితాలు మూడు కట్టలు ఇక్కడే ఉండిపోయాయి. నేను కాలేజీలో లెక్కలు చెప్పినవాణ్ణి, మగ్గం పనివాణ్ణి కాను. నా దగ్గరుంటే చెదలకు తప్ప ఎవరికీ పనికిరావు. అమృత పెండ్లి చీర డిజైను రెండో కట్టలో ఉంది. మేనకోడలి చీర కదా అని రెండేళ్లుగా గీస్తూ వచ్చింది. కొంగు పూర్తయింది. అంచు కొంచెం మిగిలింది. అంచు పొడవునా కొండల వరస వేసింది. ఏటా డిసెంబరులో మేమిద్దరం మూడు రోజులు నడిచే కొండలే, రొద్దం దగ్గర మొదలుపెట్టి. పెనుకొండ దాకా వచ్చింది. ఏ కొండ పక్కన ఏ కొండ ఉందో అలాగే వేశానని చెప్పింది. నేను సరిచూడలేదు.

శ్రావణంలో పెండ్లి అంటే నువ్వు త్వరలోనే మగ్గానికి ఎక్కించాలి. ఎవరితో పంపమంటావో రాయి. లేకపోతే రైల్లో నేనే తెస్తాను. గుమ్మం దగ్గర ఇచ్చి వెళ్లిపోతాను.

ఆసుపత్రివాళ్లు ఇచ్చిన సంచి నిన్న విప్పాను. ఆమె నడక బూట్లలో ఒకటే ఉంది. రెండోది కొండ మీదే ఉండిపోయినట్టుంది. కాలు వాస్తుంటే నేనే ఊడదీశాను.

లక్ష్మీదేవిని, అమృతను అడిగానని చెప్పు.

శ్రీనాథ్


ధర్మవరం,
13-3-2024

బావకు, గంగాధర రాసేది.

ఫోన్ ఎత్తితే నోరు జారతాదని ఎత్తలేదు. కాగితం మీదైతే ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాసుకోవచ్చు. ఇప్పటికే రెండు కాగితాలు చించినా.

కట్టల సంగతి తర్వాత. ముందు ఒకటి అడగతా. కర్మల నాడు పదిమందిలో అడగలేకపోయినా.

ఆ దినం నువ్వు యాడ ఉండావు?

మొన్న ఆదివారం గోరంట్ల బస్సెక్కి, దావలో దిగి, మారెప్ప ఉండే పల్లెకు పోయినా. అక్క దగ్గర ఆ పొద్దు కూర్చున్న మనిషి ఆయనే కదా, ఒకసారి చేతులు పట్టుకోవాల అనిపించింది. ముసలాయన సంగటి పెట్టినాడు. తిని చెయ్యి కడుక్కుంటా అడిగినా, ఈడి నుంచి అక్క పోయిన బండకాడికి ఎంతసేపని. "ఎంతప్పా, ఒక బీడీ ఆరిపొయ్యి ఇంకోటి ముట్టిచ్చుకునే లోపల పోతాం. అర్ధగంట" అన్నాడు. నేను నమ్మలేదు. ఆయన్ని లేపి తీసుకపోయినా. అర్ధగంట కూడా పట్టలేదు బావా. నాకు మోకాలు నొప్పి ఉండాది, అయినా పట్టలేదు.

పాము కరిచింది మిట్టమధ్యాన్నం పన్నెండుకని పోలీసులకు నువ్వే చెప్పినావు. మనుషుల కోసం పోయిన నువ్వు తిరిగి వచ్చింది నాలుగు దాటినాక. మారెప్ప గొర్రెలు తోలుకొని మూడున్నరకు ఆడికొస్తే అక్క అప్పటికే పోయింది. అర్ధగంట దావకు నాలుగు గంటలు. ఎట్లా?

ఇంకోటి. గోరంట్ల రోడ్డు మీద అంగడి పెట్టుకున్న పోతులయ్య చెప్పినాడు. "కండ్లద్దాల సారు వచ్చి మా బల్ల మీద కూర్చుండె. రెండు చెంబుల నీళ్లు తాగె, అప్పుడు చెప్పె" అని. నీళ్లు తాగడం తప్పనను. కానీ ఆ అంగడి కొండకు అవతల పక్క. పల్లె ఇవతల. అంత దూరం ఎందుకు పోయినావు?

లక్ష్మీదేవి అంటాది, "సదువుకున్నాయన, బెదిరిపోయింటాడులే" అని. బెదిరి ఆమెను ఇడిచిపెట్టి పోయినావా? ఇరవై ఆరేండ్లు ఆమెను కొండలెంబడి తిప్పినావు. మా నాయన అడిగేవాడు గదా, "ఏమప్పా అల్లుడూ, మొక్కు లేదు, గుడి లేదు, ఊరికే నడిచొస్తారా?" అని. పిల్లలు లేరు, అదొక ముచ్చట అనుకొని మేము నవ్వి ఊరుకుంటిమి.

జవాబు రాయి. అది వచ్చేదాకా కట్టలు తేవద్దు. గుమ్మం దాకా కూడా రావద్దు.

గంగాధర


హిందూపురం,
18-3-2024

గంగాధరకు,

అడిగిన దానికి జవాబు.

దారి తప్పాను. బండ నుంచి రెండు వందల అడుగులు కిందికి దిగి మలుపు తిరిగితే వంకలో ఒక పెద్ద రాయి, చీలిన గుండు ఉంది. నువ్వు చూసే ఉంటావు. అక్కడ దారి రెండవుతుంది. పల్లెకు ఎడమవైపు పోవాలి. నేను కుడివైపు పోయాను. ఆ దారి కొండను చుట్టుకుని, రెండు గంటల తర్వాత తారు రోడ్డు మీద తేలింది. అదే పోతులయ్య అంగడి. నీళ్లు తాగిన మాట నిజం. ఆయన అంబులెన్సుకు ఫోన్ చేసి, ఇద్దరు మనుషుల్నీ ఒక నులక మంచాన్నీ ఇచ్చాడు. నాకు తెలిసిన దారి అదొక్కటే కాబట్టి వచ్చిన దారినే వెనక్కి ఎక్కాం.

రెండు గంటల ముందు తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు అన్నాడు. ఈ మాట నీకు ఇంతవరకూ చెప్పలేదు.

ఆమెను విడిచి పోలేదు. తప్పు నాది. ఇంతకంటే రాయడానికి లేదు.

శ్రీనాథ్


ధర్మవరం,
2-4-2024

బావా,

ఇంతకంటే లేదంటావు. నాకు ఉండాది.

నువ్వు కొండెక్కి వచ్చేటప్పుడు చేతిలో గళ్ల కాగితం ఉండిందని మారెప్ప చెప్పినాడు. అక్క నడకకు ముందు మూడు దినాలకు మూడు కాగితాలు గీసుకొనేది, నాకు తెలుసు. ఫోన్లో మ్యాపు ఉండాది కదక్కా అంటే, "అది మన దావలెరగదు లేరా" అనేది. ఆ దావలు ఆమెకు చిన్నప్పటివి. నాయన చీరల మూట నెత్తిన పెట్టుకొని ఆ పల్లెలన్నీ తిరుగుతాంటే ఆమె ఎనకాల పోయేది. కండ్లు మూసుకొని నడవగలదు.

ఆ మనిషి గీసిచ్చిన కాగితం చేతిలో పెట్టుకొని దావ తప్పినానంటావు. ఎట్ల నమ్మేది? అక్క గీత తప్పదు. నలభై ఏండ్లలో ఆమె కాగితంతో నేసిన చీర ఒక్కటి తిరిగి రాలేదు. అంటే నువ్వు కాగితం చూడలేదు. ఆమె పనిని నువ్వు ఎప్పుడూ చూసింది లేదు, ఆ పొద్దు మటుకు ఎందుకు చూస్తావు? ముప్పై ఏండ్లు పిల్లోళ్లకు గ్రాఫులు నేర్పినావు. ఇంట్లో ఉండే గ్రాఫు చదవలేదు.

ల్యాకుంటే కాగితం చూసినావు, సరైన దావే పోయినావు, మధ్యలో యాడో కూలబడినావు. ఏదో ఒకటి దాస్తాండావు.

అమృత చీరకు మామిడి పిందెల అంచు పెట్టాలని అనుకుంటాండా. అక్క అంచు వద్దు. పెండ్లి కార్డు అచ్చుకు ఇయ్యాల. పిలిచేవాళ్ల పేర్లలో నీ పేరు రాసి, కొట్టేసినా. లక్ష్మీదేవి మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేసినా.

ఆ కాగితం పంపు.

గంగాధర


హిందూపురం,
10-4-2024

గంగాధరకు,

కాగితం ఈ కవరులో ఉంది. పంపకూడదనుకున్నాను. అడిగావు కాబట్టి పంపుతున్నాను. చూసి తగలబెట్టు. లక్ష్మీదేవికి చూపకు.

జరిగింది ఒకసారి వరసగా రాస్తాను. మళ్లీ రాయను.

మొదటి రోజు రొద్దం నుంచి నడిచాం. రెండో రోజు పెనుకొండ. మూడో రోజు హైవే దాటి గోరంట్ల వైపు కొండలు. కాగితం ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది. నేను వెనక నడిచేవాణ్ణి. ఆమె దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని, వెలుగులో చూసి, మళ్లీ మడిచి పెట్టుకునేది. చత్వారం వల్ల అనుకున్నాను. కొత్త కళ్లద్దాలు చేయించుకోమని రెండు రోజులూ పోరుపెట్టాను.

మూడో రోజు బండ దగ్గర బొరుగులు తినడానికి ఆగాం. ఆమె బండకు ఆనుకుని కాళ్లు చాపింది. పిక్క మీద కరిచింది, బూటుకు పైన. రక్తపింజరి. నేను చూశాను. ఆమె కూడా చూసింది. అరవలేదు. "అయిపాయె" అంది. తర్వాత, "ఊరు దగ్గరే ఉండాది, నడవలేను, నువ్వు పో" అంది. మోయగలనేమో చూశాను. ఇరవై అడుగులు మోశాను. ఆ రాళ్లలో ఇద్దరం పడ్డాం. మళ్లీ బండకు ఆనించి కూర్చోబెట్టాను. ఫోనుకు సిగ్నల్ లేదు.

కాగితం నా చేతిలో పెట్టింది. "దీని ప్రకారం పో. బెదరొద్దు" అంది.

నేను దాన్ని చూడకుండా ఒక్క అడుగు వేయలేదు. ఒక గడికి వంద అడుగులు. లెక్కపెట్టాను. రెండో గడి చివర చీలిన గుండు ఉందని రాసింది, ఉంది. అక్కడి నుంచి గీత కుడివైపు తిరిగింది. నువ్వే చూడు. నేనూ కుడివైపు తిరిగాను. నడినెత్తిన ఎండ, దిక్కు తెలియదు. తర్వాత రావలసిన బయలు రాలేదు. గొర్రెల దొడ్డి రాలేదు. ఆమె అడుగుల లెక్క కొంచెం తప్పి ఉంటుందనుకుని ముందుకే పోయాను. గీత తప్పి ఉంటుందని తోచలేదు. తోచేసరికి చాలా దూరం పోయాను.

ఆమె కుడి ఎడమలు తారుమారుగా వేసింది. ఎలా జరిగిందో తెలియదు. ఎవరికైనా జరుగుతుంది. నలభై ఏళ్లు గీతలో తప్పులేని మనిషి, తన ప్రాణానికి కావలసిన ఒక్క కాగితం తప్పు గీసిందని నలుగురూ అనుకోవడం నాకు ఇష్టం లేదు. నేను తప్పానని అనుకోవడం నయం. అందుకే దాచాను.

ఇంకొక సంగతి. నేను తిరిగి వచ్చేసరికి మారెప్ప ఆమె కళ్లు మూసి పక్కన కూర్చున్నాడు. ముఖం అలాగే ఉంచాడు. అది నేను వచ్చే వైపు లేదు. పక్కకు, ఎడమవైపుకు తిరిగి ఉంది. నేను ఇంతసేపు రాకపోయేసరికి మొహం తిప్పుకుని పోయిందని అనుకుంటున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు.

కార్డులో పేరు గురించి నాకు ఏమీ లేదు. కొట్టెయ్యి.

శ్రీనాథ్


ధర్మవరం,
22-4-2024

బావా,

నీ కవరు వచ్చి ఎనిమిది దినాలాయె. జవాబు రాయకుండా ఉండిపోదామనుకున్నా. దాచిపెట్టినావని నిన్ను తిట్టి, ఇప్పుడు నేను దాస్తే ఏం బాగుంటాది.

అక్క తప్పు గీయలేదు.

ఓపిగ్గా చదువు. మా ఇంట్లో మగ్గం మీద చీర ఎనక ముఖం పైకి ఉంటాది. నేసేవానికి కనపడేది ఎనక ముఖమే. అందుకని నాయన డిజైను కూడా ఎనక ముఖం నుంచే గీసేవాడు. కాగితంలో కుడిపక్క ఉండేది చీర మీద ఎడమపక్కకు వస్తాది. రాతలు మటుకు మామూలుగా రాసేవాడు, గీత ఒక్కటి తిరగేసి. అక్కకు ఏడేండ్లప్పుడు అట్లనే నేర్పినాడు. ఆమె చెయ్యికి ఇంకో తీరు తెలీదు. ముగ్గు ఏసినా అంతే. మా ఇంటి కాగితం సరిగ్గా చూడాలంటే ఎలుతురుకు ఎత్తి పట్టి, ఎనకనుంచి చూడాల. ఆమె ఎండకు ఎత్తి చూసింది చత్వారానికి కాదు బావా.

కాగితం మూలన గుర్తు ఉండాది. చిన్న సున్నా, దానికి తోక. "ఇది ఎనక ముఖం" అని దాని అర్థం. అక్క గీసిన ప్రతి కాగితం మీద ఉంటాది. నువ్వు పంపినదాని మీదా ఉండాది.

ఇప్పుడు నా సంగతి. నీకు గుర్తు లేకపోవచ్చు. పెండ్లయిన కొత్తలో ఒక పండగకు మీరొచ్చినప్పుడు నువ్వు మగ్గం గుంట కాడ కూర్చోని, ఆ తోక సున్నా ఏందని నన్ను అడిగినావు. నేను, "అది మా అక్క పెట్టిన దిష్టి చుక్కలే బావా, డిగ్రీ చదివినోళ్లకు చెప్పకూడదు" అన్నా. అందరూ నవ్విరి. నువ్వూ నవ్వినావు. అంతటితో ఆగింటే బాగుండు. లోపలికి పొయ్యి అక్కతో, "మీ ఆయనకు మన కాగితం చదివేది నేర్పించినాలే, ఇంక నీకు సాయం చేస్తాడు" అని ఎగతాళిగా చెప్పినా. ఆమె నిజమనుకున్నట్టుంది. శానా దినాలు నాతో అనేది, "మీ బావకు మన పని తెలుసు గదరా, చెయ్యమంటే చెయ్యడు" అని. అది ఎగతాళి అని నేనెప్పుడూ చెప్పలేదు. ఏం కొంప మునిగిపోతాదని.

నీకు తెలుసనుకొని ఇచ్చింది కాగితం. అందుకే నోటితో కుడి ఎడమ చెప్పలేదు.

లక్ష్మీదేవికి చూపొద్దన్నావు. చూపించినా. ఆమె కాగితం కండ్లకద్దుకొని లోపలికి పోయింది. తర్వాత బయటికొచ్చి, "ఇద్దరు కలిసి సంపినారు" అంది.

తగలబెట్టలేదు. నీకే తిరిగి పంపుతాండా. అంచు అక్కదే పెడతా. మిగిలింది నేను గీస్తా. కట్టలు తీసుకొని రా. గుమ్మం కాడ కాదు, లోపలికి రా.

కార్డులో నీ పేరు రాసినా. అక్క పేరు కింద. ఇంక ఎవురూ కొట్టెయ్యరు.

గంగాధర


హిందూపురం,
30-6-2024

గంగాధరకు,

నీ ఉత్తరానికి రెండు నెలలు జవాబు రాయలేదు. వానలు పడేదాకా ఆగాను.

కట్టలు వచ్చే ఆదివారం తెస్తాను. అంచులో మూడో రోజు కొండ లేదు. పెనుకొండతో ఆగింది. నువ్వు మిగిలింది గీసేటప్పుడు దాన్ని కలపకు. పెండ్లికి వస్తాను. వెనక వరసలో కూర్చుంటాను.

కట్టలు మూడూ విప్పి చూశాను. నువ్వు చెప్పిన గుర్తు ప్రతి కాగితం మీదా ఉంది. ఇరవై ఆరేళ్లు చూశాను. మొదట దిష్టి చుక్క అనుకున్నాను. తర్వాత ఏమీ అనుకోవడం మానేశాను. ఆమె రాత్రి గీసుకుంటూ ఉంటే నేను ఎదురుగా కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దేవాణ్ణి. ఒకే బల్ల. ఒకసారి కాగితం నా వైపు తోసి, "ఈ వరస సరిపోయిందేమో చూడు" అంది. "నీకు తెలియనిది నాకేం తెలుస్తుంది" అన్నాను. మెచ్చుకున్నాననుకున్నాను. ఆమె కాగితం వెనక్కి లాక్కుంది.

నువ్వు ఒకరోజు వేళాకోళం ఆడావు. నేను ఇరవై ఆరేళ్లు మళ్లీ అడగలేదు. ఈ రెండూ ఒక తూకం కావు. నీది మోయకు. లక్ష్మీదేవి అన్న మాటలో సగం సరి. నా సగం.

నిన్న గోరంట్ల బస్సు దిగి పల్లెకు వెళ్లాను. మారెప్ప గుర్తుపట్టి, "ఏమప్పా, మళ్లీ వస్తివా" అన్నాడు. పాము కనబడిన చోటికి మళ్లీ ఎవరూ రారని ఆయన లెక్క. ఆయన్ని వెంటబెట్టుకుని బండ దగ్గరికి ఎక్కాను. బూటు వెతికాం. దొరకలేదు.

అక్కడి నుంచి ఒక్కణ్ణే దిగాను. కాగితం ఎండకు ఎత్తి పట్టుకుని, వెనకనుంచి చూశాను. అక్షరాలు తిరగబడ్డాయి, దారి సరి అయింది. చీలిన గుండు దగ్గర ఎడమవైపు తిరిగాను. ఆరో గడిలో బయలు అని రాసింది, బయలు వచ్చింది. పన్నెండులో గొర్రెల దొడ్డి, వచ్చింది. పంతొమ్మిదో గడి చివర పల్లెలో మొదటి ఇల్లు. వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లు శెనక్కాయలు వొలుస్తున్నారు. గడపకు ఆనించి ఒక మోటారు సైకిలు ఉంది. బండ నుంచి ఇరవై ఏడు నిమిషాలు. ఒక్క గడి కూడా తప్పు లేదు.

మళ్లీ ఎక్కాను. మారెప్ప బండ మీదే కూర్చుని ఉన్నాడు. ఇంకొక పని చేసిపెట్టమన్నాను. చీలిన గుండు దాకా దిగి, ఎడమ దారిలో దొడ్డి వరకూ నడిచి రమ్మన్నాను. "ఎందుకప్పా?" అన్నాడు. నా మొహం చూసి, కర్ర తీసుకుని లేచాడు.

ఆమె కూర్చున్న చోట, బండకు ఆనుకుని కూర్చున్నాను. మలుపు తిరగ్గానే మారెప్ప కనబడకుండా పోయాడు. గుండు అక్కడి నుంచి కనబడదు. దాని దగ్గర ఎవరు ఎటు తిరిగారో తెలియదు. కానీ ఎడమపక్క, కింద, ఆ బయలు మొత్తం కనబడుతుంది. చెట్లు లేవు. ఒంటి మనిషి దాటినా తెలుస్తుంది. గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. తొమ్మిదో నిమిషంలో మారెప్ప తెల్ల తలగుడ్డ ఆ బయల్లోకి వచ్చింది. నేను చెయ్యి ఎత్తాను. ఆయన ఆగి, చూసి, కర్ర ఎత్తాడు.

ఆమె ముఖం తిరిగి ఉన్నది ఆ బయలు వైపు.

శ్రీనాథ్